దాని పేరు లూటీ!

బీజింగ్ రాజప్రాసాదంలో పుట్టి, దేశాలు దాటిన బుల్లి ‘సింహం’ కథ

లూటీ... ఈ మాటకి తెలుగువాళ్ళకి అర్థం చెప్పనక్కర్లేదు. ఊరిమీద పడి ఉన్నదంతా ఊడ్చుకుపోవడం. ఉత్తరాది నుంచి మన భాషలోకి వచ్చిన మాట ఇది. ఇంగ్లిషువాళ్ళు కూడా మన దేశం నుంచే దాన్ని పట్టుకెళ్ళి తమ నిఘంటువులో చేర్చుకున్నారు. అలాంటి పేరుని ముద్దుగా పెంచుకునే కుక్కపిల్లకి ఎవరైనా పెడతారా? పెట్టారు. అదీ మామూలు ఇంట్లో కాదు, సాక్షాత్తూ విక్టోరియా మహారాణి ఇంట్లో. మరి ఆ కుక్కపిల్ల అక్కడికి చేరింది దోపిడీ సొత్తుగానే!

రెండు చేతుల్లో ఇమిడిపోయేంత ఉండే ఆ జాతిని పెకింగీస్ అంటారు. ‘పెకింగ్’ అంటే ఇవాళ్టి బీజింగే. ఊరి పేరునే ఇంటి పేరుగా చేసుకున్న కుక్క అన్నమాట. బీజింగ్ వాసులైతే ‘జింగ్‌బా’ అంటారు. ఆ మాటలోని ‘జింగ్’ కూడా బీజింగ్‌దే. అక్కడికి వెళ్ళే పర్యాటకులంతా చైనా గోడ, తియానన్మెన్ కూడలి, బాతు కూర చూసుకుని వచ్చేస్తారు. ఈ బుల్లి కుక్క అడుగుజాడలు పట్టుకుని వెళ్తే అదే నగరంలో ఇంకో కథ కనిపిస్తుంది. అందులో రాజులున్నారు, యుద్ధముంది, కాలిపోయిన తోట ఉంది, ఓ మొండి రాజమాత ఉంది. కొసాకి మనందరం ఆలోచించాల్సిన ఓ ప్రశ్న కూడా ఉంది.

సింహాన్ని చూడని శిల్పులు

బీజింగ్ నడిబొడ్డున ఉన్న నిషిద్ధ నగరాన్ని 1406 - 1420 మధ్య కట్టారు. మింగ్, చింగ్ వంశాలకి చెందిన 24 మంది చక్రవర్తులు ఇక్కణ్ణుంచే చైనాని ఏలారు. దక్షిణాన ఉన్న ఎత్తైన మధ్యాహ్న ద్వారం దాటి, పాలరాతి వంతెనలెక్కి దిగితే ఎదురుగా ‘పరమ సామరస్య ద్వారం’ వస్తుంది. దానికి చెరోపక్కా రెండు కంచు సింహాలు కూర్చుని ఉంటాయి. ఈ కోటలో ఉన్నవాటిలో ఇవే పెద్దవి. మగ సింహం పాదం కింద బంతి, ఆడ సింహం పాదం కింద పిల్ల. బంతి అధికారానికి గుర్తు, పిల్ల వంశానికి గుర్తు అని చెబుతారు.

వాటి ముఖాల్ని కాస్త నిదానంగా చూడండి. ఉంగరాలు తిరిగిన జూలు, ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి కళ్ళు, చట్టి ముక్కు, వెడల్పాటి నోరు, మెడలో గంటల పట్టెడ. మన గిర్ అడవుల్లో సింహానికీ దీనికీ పోలికే ఉండదు. చూడగా చూడగా ఇది సింహం కాదు, ఎవరింట్లోనో ముద్దుగా పెరిగిన కుక్క అనిపిస్తుంది!

కారణం లేకపోలేదు. చైనాలో సింహాలు లేవు. పశ్చిమ దేశాల నుంచి చక్రవర్తులకి కానుకగా ఎప్పుడో ఒకటి వచ్చేది. సామాన్యుల కంటపడే అవకాశమే లేదు. సింహాన్ని చైనీయుల మనసుల్లో కూర్చోబెట్టింది బౌద్ధం. బుద్ధుణ్ణి శాక్యసింహుడన్నారు. మంజుశ్రీ బోధిసత్వుడి వాహనం సింహం. మన అమరావతి శిల్పాల్లో కూడా స్తూపం ద్వారం దగ్గర సింహాలు కొలువై ఉంటాయి. బౌద్ధంతో పాటు ఆ సింహం కూడా కొండలూ ఎడారులూ దాటి చైనా చేరింది. కానీ అది బొమ్మగా, కథగా చేరింది. అసలు సింహాన్ని చూడని శిల్పులు చేతనైన ఊహతో చెక్కారు. జూలున్న చిన్న కుక్కలు ఆ ఊహకి సాయపడి ఉంటాయి. అటుపైన కథ తిరగబడింది. శిల్పంలోని సింహంలా కనిపించే కుక్కల్నే ఏరి ఏరి జతకట్టించారు. కుక్కని చూసి సింహాన్ని చెక్కారు, ఆ సింహాన్ని చూసి కుక్కని మలిచారు!

దీనిమీద చైనాలో ఓ ముచ్చటైన కథ చెబుతారు. ఓ సింహం చిట్టి కోతిని ప్రేమించిందట. ఆకారాల్లో అంత తేడా ఉంటే కాపురం ఎలా? వెళ్ళి బుద్ధుడి కాళ్ళమీద పడింది. తన ఒంటిని చిన్నది చేసి, గుండెని మాత్రం సింహానిదే ఉంచమని వేడుకుంది. అలా పుట్టిన సంతానమే ఈ కుక్కలట. కథ కథే అనుకున్నా, ఈ జాతి పాతదన్న మాట మాత్రం నిజం. 2004లో అమెరికా శాస్త్రవేత్తలు 85 జాతుల కుక్కల జన్యువుల్ని పోల్చి చూశారు. తోడేలుకి బాగా దగ్గరగా ఉన్న పురాతన జాతుల గుంపులో పెకింగీస్ కూడా తేలింది. ఒళ్ళో పడుకుని కునుకు తీసే ఈ బొచ్చు ముద్ద, చూడ్డానికి అచ్చం తోడేల్లా ఉండే అల్సేషియన్ కన్నా పాత కాపు అంటే నమ్మబుద్ధి కాదు.

శునకాన్ని తెచ్చి సింహాసనం ఎక్కిస్తే ఏమవుతుందో మన సుమతీ శతకకారుడు ఎప్పుడో హెచ్చరించాడు. చైనా చక్రవర్తులు ఆ మాట వినలేదు కాబోలు, శునకాన్నే సింహం చేసి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

చొక్కా చేతుల్లో కాపలా

ఇంతకీ ఎలా ఉంటుందీ కుక్క? ఎత్తు జానెడు, మహా అయితే ఇంకో రెండు వేళ్ళు. బరువు సుమారు అయిదు కిలోలు. ఎత్తుకున్నప్పుడు కానీ ఆ బరువు తెలీదు. చూడ్డానికి దూది మూటలా ఉంటుంది కానీ ముందు భాగమంతా దిట్టంగా, బరువుగా ఉంటుంది. నడుము దగ్గర సన్నబడుతుంది. మెడ చుట్టూ జూలు, చెవులకీ కాళ్ళకీ వేలాడే కుచ్చులు, వీపు మీదికి విసనకర్రలా వాలిన తోక. బంగారు రంగు, ఎరుపు, నలుపు, తెలుపు... ఇంచుమించు అన్ని రంగుల్లోనూ ఉంటాయి. ముందుకాళ్ళు పొట్టిగా, కాస్త వంకరగా ఉండటంతో నడుస్తుంటే ఒళ్ళు అటూ ఇటూ ఊగుతుంది. బాగా నగలు పెట్టుకున్న పెద్ద ముత్తయిదువ పెళ్ళిపందిట్లో నింపాదిగా నడిచొస్తున్నట్టే!

స్వభావం కూడా ఆ నడకకి తగ్గట్టే. ‘రా’ అనగానే తోకాడించుకుంటూ పరిగెత్తుకొచ్చే రకం కాదు. విని, ఆలోచించి, తనకి ఇష్టమైతే వస్తుంది. బంతి విసిరితే మీ వంక చూస్తుంది, తెచ్చుకోమన్నట్టు. కొత్తవాళ్ళు ముట్టుకోబోతే ముఖం తిప్పేసుకుంటుంది. ఇంట్లో ఒకరిని తనవాళ్ళుగా ఎంచుకుందంటే మాత్రం వాళ్ళని వదిలిపెట్టదు. తనకన్నా పదింతల కుక్క ఎదురైనా వెనకడుగు వేయదు. చంటిపిల్లలు జుట్టు పీకి, మీదపడి ఆడుకోవడానికి ఇది అంత పనికొచ్చే జాతి కాదు. పెద్దవాళ్ళున్న నిమ్మళమైన ఇంటికి బాగా సరిపోతుంది.

నిషిద్ధ నగరంలో వీటి ఆలనాపాలనా చూసే పని అంతఃపుర నపుంసకులది. మరీ చిన్నవాటిని రాజకుటుంబీకులు వదులుగా ఉండే పట్టు చొక్కాల చేతుల్లో పెట్టుకుని తిరిగేవారు. అందుకే వాటికి ‘చేతి కుక్కలు’ అన్న పేరొచ్చింది. కోట గోడలు దాటి ఈ కుక్కని బయటికి తీసుకెళ్తే తల తీసేవారని కూడా చెప్పుకుంటారు. ఆ శిక్ష మాటెలా ఉన్నా, వందల ఏళ్ళపాటు ఇది రాజుగారి సొంతమే. మరి అంత కట్టుదిట్టంగా పెరిగిన కుక్క ప్రపంచంలోకి ఎలా వచ్చిపడింది? ఆ సంగతి తెలియాలంటే ఊరికి వాయవ్యంగా వెళ్ళాలి.

కాలిన తోటలో

మెట్రో నాలుగో లైన్లో యువాన్‌మింగ్‌యువాన్ స్టేషన్లో దిగితే రెండడుగుల్లోనే పాత వేసవి ప్రాసాదం. ప్రాసాదం అన్నది పేరుకే. ఇప్పుడక్కడ ఉన్నవి చెరువులు, తామర పూలు, విల్లో చెట్లు, విరిగిపడిన పాలరాతి స్తంభాలు. 1707లో కాంగ్షీ చక్రవర్తి మొదలుపెట్టిన ఈ ఉద్యానాన్ని ఆయన కొడుకూ మనవడూ పెంచుకుంటూ పోయారు. దాదాపు 350 హెక్టార్లు. అంటే మన లెక్కలో 860 ఎకరాలకి పైనే. అందులో మందిరాలు, గ్రంథాలయాలు, కృత్రిమ కొండలు. ఇటలీ నుంచి వచ్చిన కాస్టిగ్లియోనె అనే క్రైస్తవ సన్యాసి గీసిన నమూనాలతో యూరప్ తరహా మేడలు కూడా కట్టారు.

1860లో రెండో నల్లమందు యుద్ధం చివరి ఘట్టం. నల్లమందు అమ్మకానికీ, వ్యాపారానికీ తలుపులు బార్లా తెరవమంటూ బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ మీదికి వచ్చాయి. షియాన్‌ఫెంగ్ చక్రవర్తి పరివారంతో ఉత్తరానికి పారిపోయాడు. అక్టోబరు మొదటి వారంలో సైనికులు తోటలో జొరబడ్డారు. పట్టు బట్టలు, పింగాణీ, పచ్చరాళ్ళు, గడియారాలు... ఎవరికి దొరికింది వాళ్ళు మూటగట్టారు. ఇంతలో, చర్చలకి వెళ్ళి బందీలుగా చిక్కిన బ్రిటిష్, ఫ్రెంచి, భారతీయ మనుషుల్లో పలువురు చిత్రహింసలతో చనిపోయారని తెలిసింది. దానికి ప్రతీకారంగా బ్రిటిష్ దూత లార్డ్ ఎల్గిన్ మొత్తం తోటని తగలబెట్టమన్నాడు. అక్టోబరు 18న నిప్పు పెట్టారు. దేవదారు దూలాలతో కట్టిన మందిరాలు రోజుల తరబడి కాలాయి.

ఈ ఎల్గిన్ ఎవరో కాదు. గ్రీసు నుంచి పార్థినాన్ శిల్పాల్ని ఊడబెరుక్కుపోయిన ఎల్గిన్ ప్రభువు కొడుకే. చైనా పని ముగించుకుని 1862లో మన దేశానికి వైస్రాయిగా వచ్చాడు. 1863లో ధర్మశాలలో చనిపోయాడు. మెక్లియాడ్‌గంజ్ దగ్గర దేవదారు చెట్ల నీడలో ఉన్న సెయింట్ జాన్ చర్చిలో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. మనకి ఇంకో లంకె కూడా ఉంది. ఆ దండయాత్రలో పంజాబీ, సిక్కు పటాలాలతో పాటు మద్రాసు శాపర్లూ ఉన్నారు. ‘పెకిన్ 1860’ అన్నది ఆ దళానికి దక్కిన యుద్ధ గౌరవాల్లో ఒకటి. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అందులోవే. తమది కాని యుద్ధంలో, తమది కాని రాజు తరఫున, ముక్కూముఖం తెలియని దేశానికి వెళ్ళినవాళ్ళు మన దగ్గరి పల్లెల్లో ఎందరుండేవారో!

యూరప్ మేడల శిథిలాల దగ్గర ఒకప్పుడు నీటి గడియారం ఉండేది. చైనా పంచాంగంలోని 12 జంతువుల కంచు తలలు, వంతుల వారీగా నీళ్ళు చిమ్ముతూ వేళ చెప్పేవి. తోట నాశనమయ్యాక ఆ తలలు దేశాలు పట్టిపోయాయి. వాటిలో 2020 నాటికి ఏడు చైనాకి తిరిగొచ్చాయి. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, గుర్రం, కోతి, పంది... ఆ ఏడింటిలో కుక్క తల లేదు.

అయిదు కుక్కలు

కంచు కుక్క మాట అలా ఉంచితే, ప్రాణమున్న కుక్కలు అయిదు ఆ తోటలో సైనికులకి దొరికాయి. చక్రవర్తి మేనత్త పారిపోవడానికి ఇష్టపడక ప్రాణం తీసుకుందనీ, ఈ అయిదూ ఆవిడ శవం పక్కనే కాపలా కూర్చున్నాయనీ ఓ కథ ఉంది. రెండింటిని ఓ నౌకాదళ అధికారి తీసుకెళ్ళాడు. ఇంకో రెండు రిచ్‌మండ్ ప్రభువుల గుడ్‌వుడ్ ఎస్టేట్‌కి చేరాయి. ఇంగ్లండులో పెకింగీస్ సంతతి వీటితోనే మొదలైందని జాతి చరిత్రలు చెబుతాయి.

అయిదోది 99వ రెజిమెంటుకి చెందిన కెప్టెన్ జాన్ హార్ట్ డన్ చేతికి చిక్కింది. అతను దాన్ని ఇంగ్లండుకి తెచ్చి, 1861లో విక్టోరియా మహారాణికి సమర్పించుకున్నాడు. అదే మన లూటీ. మహారాణి దాని బొమ్మ గీయమని ఫ్రెడ్రిక్ కైల్ అనే చిత్రకారుడికి పురమాయించింది. కుక్క ఎంత చిన్నదో చూసేవాళ్ళకి తెలియాలని, పక్కన ఏదైనా వస్తువు పెట్టి గీయమన్నారట. ఎర్రటి మెత్త మీద, పూలకూజా పక్కన కూర్చున్న లూటీ చిత్రం ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉంది. 1872 దాకా బతికింది లూటీ. తను పుట్టిన తోట బూడిదయ్యాక మరో పన్నెండేళ్ళు!

చిత్రంలో లూటీ ముఖాన్ని చూస్తే ఒకటి తెలుస్తుంది. ఇప్పటి పోటీల్లో కనిపించే పెకింగీస్ అంత బొచ్చు లేదు దానికి. ముక్కు కూడా ముఖంలో అంతగా కూరుకుపోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

రాజమాత ముచ్చట

1860లో చక్రవర్తితో పాటు పారిపోయినవాళ్ళలో పాతికేళ్ళ ఉపపత్ని ఒకామె ఉంది. మరుసటేడు చక్రవర్తి కన్నుమూశాక, పసివాడైన కొడుకుని గద్దెమీద కూర్చోబెట్టి, తెరవెనక నుంచి దేశాన్ని ఏలింది. ఆవిడే రాజమాత సిషీ. 1908లో చనిపోయేదాకా, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, ఆమె మాటే శాసనం.

కాలిన తోట నుంచి అదే మెట్రో లైన్లో ఇంకో రెండు స్టేషన్లు వెళ్తే బీగోంగ్‌మెన్. అక్కడే సిషీ మళ్ళీ కట్టించుకున్న వేసవి ప్రాసాదం, యిహెయువాన్. ఇదీ 1860లో తగలబడిందే. 1888లో కొత్త పేరుతో తిరిగి లేచింది. నౌకాదళానికని తీసిన డబ్బుని దీనికి మళ్ళించిందని ఆమెమీద అపవాదు. కున్‌మింగ్ సరస్సు ఒడ్డున ఎప్పటికీ కదలని పాలరాతి పడవని చూసినప్పుడు ఆ మాట గుర్తుకు రాకమానదు. 728 మీటర్ల పొడవైన వసారాలో, దూలాలమీద గీసిన వేల బొమ్మల కింద నడుస్తుంటే ఎండాకాలంలో కూడా చల్లటి గాలి తగులుతుంది. సిషీ సాయంత్రం షికార్లు ఇక్కడే.

ఆ షికార్లలో కుక్కలు తప్పనిసరి. 1903లో సిషీ చిత్రాలు గీయడానికి అమెరికా చిత్రకారిణి కేథరీన్ కార్ల్ వచ్చింది. నెలల తరబడి ప్రాసాదంలో ఉండి, ఆ అనుభవాల్ని పుస్తకంగా రాసింది. పాలరాతి నేలతో కుక్కలకో మందిరం, పడుకోవడానికి పట్టు మెత్తలు, చూసుకోవడానికి ప్రత్యేకంగా సేవకులు. రాజమాత గారాబం చేసే కుక్కల్లో ఒకదాని పేరు ‘షాద్జా’. అంటే వెర్రిబాగులది అని! మనిళ్ళల్లో పిల్లల్ని ‘వెర్రి వెధవా’ అని ముద్దు చేసినట్టే. ఇంకో సంగతి కూడా ఆమె రాసింది. చొక్కా చేతుల్లో పట్టే మరుగుజ్జు కుక్కలంటే సిషీకి ఇష్టముండేది కాదట. ఎదుగుదలని ఆపి బలవంతంగా పొట్టివాటిని చేయడం ఆవిడకి నచ్చలేదు. అంతటి కరకు రాజమాతకి ఆ మాత్రం జాలి ఉండటం విచిత్రమే.

తను ప్రాణంగా చూసుకునే కుక్కల్ని రాయబారానికీ వాడుకుంది సిషీ. 1905లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూతురు ఆలిస్ బీజింగ్ వస్తే, నల్లటి పెకింగీస్‌ని బహుమతిగా ఇచ్చింది. ఆలిస్ దానికి ‘మంచూ’ అని పేరు పెట్టుకుంది. ఒకప్పుడు దోపిడీలో పోయిన కుక్క, ఇప్పుడు కానుకగా వెళ్ళింది. 1906 నాటికి అమెరికా కెన్నెల్ క్లబ్ ఈ జాతిని తన జాబితాలో చేర్చుకుంది. లండన్లోనూ న్యూయార్కులోనూ షోకైన ఇళ్ళలో పెకింగీస్ ఉండటం ఓ హోదా అయిపోయింది.

1912 ఫిబ్రవరిలో చింగ్ వంశం కూలిపోయింది. చైనా గణతంత్రానికి తొలి తాత్కాలిక అధ్యక్షుడు సన్ యట్ సేన్. ఆ ఏప్రిల్లోనే టైటానిక్ మునిగింది. అందులోంచి బతికి బయటపడిన కుక్కలు మూడే. రెండు పామేరియన్లు, ఒక పెకింగీస్. న్యూయార్కులో పుస్తకాలు ప్రచురించే హార్పర్ల కుటుంబానికి చెందిన ఆ పెకింగీస్ పేరేమిటో తెలుసా? సన్ యట్ సేన్! రాజుల కుక్కకి రాజరికాన్ని కూల్చినవాడి పేరు. చరిత్ర ఇలాంటి వేళాకోళాలు అప్పుడప్పుడూ ఆడుతుంటుంది.

35 సెంటీమీటర్లు

మరి పుట్టింట్లో దాని గతేమిటి? 1949 తరవాత కుక్కని పెంచుకోవడమంటే డబ్బున్నవాళ్ళ తిక్క అన్న ముద్ర పడింది. తిండికే కటకటగా ఉన్న రోజుల్లో కుక్కకి ముద్ద పెట్టడమేమిటన్నారు. 1983లో బీజింగ్ నగరంలో కుక్కల పెంపకాన్నే నిషేధించారు. ఊరి పేరు పెట్టుకున్న కుక్కకి ఆ ఊళ్ళోనే చోటు లేదు.

కానీ అభిమానం చట్టాలకి లొంగుతుందా? దొంగచాటుగా పెంచుకునేవాళ్ళు పెంచుకుంటూనే వచ్చారు. 1995 మేలో అమల్లోకి వచ్చిన నిబంధనలు నిషేధాన్ని కాస్త సడలించాయి. మొదటేడు రిజిస్ట్రేషన్ రుసుము 5,000 యువాన్లు. అప్పటి మామూలు ఉద్యోగికి అది కొన్ని నెలల జీతం. పైగా రాత్రి 8 నుంచి ఉదయం 7 లోపు మాత్రమే కుక్కని వీధిలోకి తీసుకురావాలి. 2003లో ఆ రుసుముని మొదటేడు 1,000కీ, తరవాత ఏటా 500కీ తగ్గించారు. ఇంటికి ఒకటే కుక్క, నగరంలోని ముఖ్య ప్రాంతాల్లో దాని ఎత్తు 35 సెంటీమీటర్లు మించకూడదన్నారు.

35 సెంటీమీటర్లంటే పెకింగీస్‌కి ఓ లెక్కా! రాజుల చొక్కా చేతుల్లో పట్టడానికని పొట్టిగా చేసిన ఒళ్ళు, వందల ఏళ్ళ తరవాత మునిసిపాలిటీ కొలబద్దకి అతికినట్టు సరిపోయింది. అలా జింగ్‌బా మళ్ళీ సొంతూరు చేరింది. ఈసారి కోటలోకి కాదు, హూతొంగ్‌లనే పాత ఇరుకు సందుల్లోకి. బూడిద రంగు ఇటుక గోడలు, గుమ్మాల ముందు సైకిళ్ళు, చీకటి పడుతుంటే బయట పీటలేసుకుని పేకాడే తాతలు. ఆ సందుల్లో కనిపించే జింగ్‌బాలకి పట్టు మెత్తలుండవు, పెద్దగా దువ్విన జూలూ ఉండదు. కొన్నింటికి ముక్కు కాస్త పొడుగ్గానే ఉంటుంది. పోటీలకి పెడితే మొదటి రౌండులోనే పంపించేస్తారు. కానీ హాయిగా ఊపిరి తీసుకుంటూ, తమ అవ్వల వెనకే ఊగుతూ నడుస్తుంటాయి.

ముక్కు మాట

ఊపిరి మాట ఎందుకెత్తాల్సి వచ్చిందంటే, ఈ జాతి ఇవాళ పడుతున్న అసలు కష్టం అదే. లూటీకి ఉన్న ముక్కు ఏమైంది? ఇంగ్లండు, అమెరికాల్లో పోటీలు పెరిగేకొద్దీ, ముఖం ఎంత చదునుగా ఉంటే అంత మేలుజాతి అన్న ధోరణి ప్రబలింది. తరం తరవాత తరం చట్టి ముక్కువాటినే జతకట్టించారు. ముఖం ఎముక పొట్టిదైంది కానీ, లోపలుండే అంగిలీ కండలూ ఆ మేరకి తగ్గలేదు. ఇరుకు గదిలో పాత సామానంతా కుక్కినట్టయింది. గాలి దారి మూసుకుపోతుంది. గురక, ఆయాసం, కాస్త ఎండ తగిలితే ఒళ్ళు కాలిపోవడం. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. గాలే ఆడనిదానికి రొప్పడం మాత్రం ఎలా సాధ్యం? కనుగుడ్లు బయటికి ఉబికి ఉండటంతో చిన్న దెబ్బ తగిలినా పుండు పడతాయి. తలలు పెద్దవి కావడంతో చాలా కాన్పులకి ఆపరేషన్ అవసరమవుతుంది.

2003లో ఇంగ్లండులోని ప్రఖ్యాత క్రఫ్ట్స్ పోటీలో డానీ అనే పెకింగీస్ అన్ని జాతుల్లోకీ ఉత్తమ శునకంగా నెగ్గింది. విజేతగా ఫొటో తీయించుకునేటప్పుడు అది మంచు సంచి మీద కూర్చుని ఉంది, ఒళ్ళు వేడెక్కకుండా! 2008 ఆగస్టులో బీబీసీ ప్రసారం చేసిన ఓ డాక్యుమెంటరీ ఆ సంగతి బయటపెట్టడంతో పెద్ద గొడవైంది. ఆ ఏడాదే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ పెకింగీస్ ప్రమాణాల్ని మార్చి, ముట్టె స్పష్టంగా కనిపించాల్సిందేనంది. నెదర్లాండ్స్‌లో 2020లో చట్టి ముక్కు జాతులు పన్నెండింటి మీద ఆంక్షలు పెట్టారు, వాటిలో పెకింగీస్ ఒకటి. అయినా మోజు తగ్గలేదు. అమెరికాలోని వెస్ట్‌మినిస్టర్ పోటీలో 2012లోనూ 2021లోనూ కిరీటం పెకింగీస్‌కే దక్కింది.

మన దగ్గర ఈ జాతి అరుదే. కానీ దీని చుట్టాలు మాత్రం వీధికొకటి ఉన్నాయి. 2003 నాటి సెల్‌ఫోన్ ప్రకటనతో ‘హచ్ కుక్క’గా ఇంటింటికీ తెలిసిన పగ్ పూర్వీకులదీ చైనాయే. షిట్జూ అన్న పేరుకి అర్థమే సింహం. వాటికీ ఇదే చట్టి ముక్కు, ఇదే ఆయాసం. బీజింగ్‌లో చలికాలం సున్నాకి కిందికి పోతుంది. ఆ బొచ్చు అక్కడి చలికి అతికినట్టు సరిపోయేది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం దాని పరిస్థితి ఊహించుకోండి. పిల్లలు మారాం చేశారని కొనే ముందు, ఏసీ గదిలో పెట్టగలమా అని కాదు, అది నిద్రపోయేటప్పుడు గురక లేకుండా ఊపిరి తీయగలుగుతోందా అని చూడాలి. తల్లి కుక్కని కూడా చూపించమని అడగాలి. చూపించనివాళ్ళ దగ్గర కొనకపోవడమే మంచిది. ఇవేవీ కుదరకపోతే మన వీధికుక్క పిల్ల ఉండనే ఉంది. పొడుగాటి ముక్కు, మన ఎండకి తట్టుకునే ఒళ్ళు, పైసా ఖర్చుండదు.

రాజులు అది సింహంలా ఉండాలన్నారు. సైనికులు మూటలో వేసుకుపోయారు. పోటీల వాళ్ళు ముక్కు తీసేశారు. అధికారులు ఎత్తు కొలిచారు. ఇన్ని చేతులు మారినా, ఎవరి ఒళ్ళో కూర్చోవాలో మాత్రం ఇప్పటికీ అదే తేల్చుకుంటుంది. ఆ ఒక్క విషయంలో అది నిజంగా సింహమే.

వెళ్ళాలనుకుంటే...

* నిషిద్ధ నగరానికి మెట్రో ఒకటో లైన్లో తియానన్మెన్ ఈస్ట్ స్టేషన్లో దిగాలి. టికెట్లు ముందుగానే ఆన్‌లైన్లో తీసుకోవాలి, పాస్‌పోర్టు తప్పనిసరి. పండగ రోజుల్లో తప్ప సోమవారాలు సెలవు. దక్షిణ ద్వారంలో లోపలికి వెళ్ళి ఉత్తర ద్వారంలో బయటికి రావచ్చు. కంచు సింహాలు మొదట్లోనే వస్తాయి కాబట్టి, జనం పెరగకముందే ఉదయాన్నే చేరుకోవడం మంచిది.
* యువాన్‌మింగ్‌యువాన్, యిహెయువాన్ రెండూ నాలుగో లైన్లోనే ఉన్నాయి. పొద్దున్న శిథిలాలు, మధ్యాహ్నం సరస్సు చూస్తే ఒక్కరోజులో రెండూ అయిపోతాయి. బాగా నడవాలి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి.
* తామర పూలు చూడాలంటే జులై, ఆగస్టు. హాయిగా తిరగాలంటే సెప్టెంబరు, అక్టోబరు. తోట కాలింది కూడా అక్టోబరులోనే.
* హూతొంగ్ సందుల్లో జింగ్‌బా కనిపిస్తే ఎత్తుకోబోకండి. పక్కన కాసేపు ఊరికే నిలబడండి. నచ్చితే అదే వస్తుంది.